తెరేసమ్మ తోసిన గడ్డి మిషను

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. గుణదల కొండ కింద సందులో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. ఆ కాస్త కోపం కూడా లేకపోతే, గుడ్డ ఇచ్చి వెళ్ళిన ప్రతి మనిషీ మర్నాటికల్లా కావాలని నెత్తికెక్కి కూర్చుంటుంది. నా పేరు నాగమల్లేశ్వరి. మా ఇంటి గోడకి అవతల సిస్టర్ల బడి ఉంది. ఆ బడి గేటు పక్కన రెండు గదుల ఇంట్లో బాలశౌరి, తెరేసమ్మ ఉంటారు. అతను ఆ బడిలో తోటమాలి. తెరేసమ్మ నాకు వదిన. చుట్టరికం ఏమీ లేదు. మేము దుర్గమ్మ కొండ ఎక్కేవాళ్ళం, వాళ్ళు మేరీమాత కొండ ఎక్కేవాళ్ళు. గోడ మీద నుంచి కూరగిన్నెలు అందించుకుంటూ అందించుకుంటూ వదినలమైపోయాం, అంతే.

ఇప్పుడు చెప్పబోయే గొడవంతా ఒక గడ్డి మిషను గురించి. పెట్రోలుతో నడుస్తుంది. నాలుగు చక్రాల మీద ఒక ఇంజను, దాని కింద గిర్రున తిరిగే బ్లేడు, వెనక తోసుకుపోవడానికి పొడుగాటి పిడి. ఎప్పుడో ఎవరో క్లబ్బువాళ్ళు అమ్మేస్తుంటే అప్పటి సిస్టరుగారు కొన్నారట. ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయింది, మిగతా సగం ఏ రంగో చెప్పలేం. ఆ మిషనంటే బాలశౌరికి ప్రాణం. తాడు పట్టుకుని అతను ఒక్కసారి లాగితే చాలు, బుర్రుమని లేచేది. పెళ్ళాన్ని కూడా దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "అది నా చెయ్యి ఎరుగుద్ది" అనేవాడు. ఎవరు ఏమడిగినా ఇదే మాట.

వానాకాలంలో బాదం చెట్టెక్కి కొమ్మ నరుకుతూ కిందపడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కుడిచెయ్యి మెడకి వేలాడదీసి, మళ్ళీ చెప్పేదాకా ఏదీ లాగొద్దు, ఏదీ తొయ్యొద్దు అన్నారు డాక్టరుగారు. మిషను రేకుల షెడ్డులో మూలపడింది. ఈలోపు వానలకి బడి గ్రౌండులో గడ్డి మోకాళ్ళ దాకా లేచింది. డ్రిల్లు మాస్టారు ఒకరోజు వచ్చి, మిషను తాడు పట్టుకుని లాగీ లాగీ, చివరికి తాడు తెంపి తెరేసమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు.

దసరా సెలవులిచ్చిన రోజు సాయంత్రం తెరేసమ్మ గోడ మీద నుంచి పిలిచింది. చేతిలో గిన్నె లేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

"వదినా, మా ఇల్లు పోయేట్టుంది" అంది.

విషయం ఇదీ. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ డయానా. చెడ్డమనిషేం కాదు గానీ, బడి విషయంలో మొహమాటపడే మనిషి కాదు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజునే ఆ గ్రౌండులో ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకున్నారు. వేరే బడుల పిల్లలు కూడా వస్తారు. ఆ గడ్డిలో పామున్నా ఎవరికీ కనపడదు. సెలవులు అయ్యేలోపు గ్రౌండు తయారు కాకపోతే ఆ పని జయంత్ అనే కాంట్రాక్టరుకి ఇచ్చేస్తానని చెప్పేసిందావిడ. జయంత్ మనిషి ఉండటానికి గేటు పక్క ఇల్లు కావాలట. పెళ్ళై తెరేసమ్మ అడుగుపెట్టింది ఆ ఇంట్లోనే. పిల్లలిద్దరూ అక్కడే పుట్టి, అక్కడి నుంచే పెళ్ళిళ్ళై వెళ్ళారు. హనుమాన్ జంక్షన్ అవతల సొంతూరని ఒకటుంది గానీ, అక్కడున్నవి మరుదుల ఇళ్ళే. వాళ్ళ వసారాలో రెండు పెట్టెలు పెట్టుకుని బతకడం తెరేసమ్మకి తల్చుకోవడానికే ఇష్టం లేదు.

"అందుకని నేనే కోస్తా వదినా. మిషను నేనే బాగు చేయించి, నేనే కోస్తా."

గోడ అవతల కుర్చీలో కూర్చున్న బాలశౌరి పకపకా నవ్వాడు. "అది నా చెయ్యి ఎరుగుద్ది తెరేసా. నీకు లేవదు. నా చెయ్యి బాగయ్యేదాకా ఆగమని సిస్టరుగార్ని నేనడుగుతాగా" అన్నాడు.

"సిస్టరుగారు ఆగుతారు సరే, గడ్డి ఆగుద్దా అన్నయ్యా?" అన్నాన్నేను. అప్పుడు నవ్వు ఆపాడు.

మర్నాడే మిషనుని ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్ళాం. లారీ కానీ, ట్రాక్టరు కానీ, చచ్చిన బండి ఏదైనా అక్కడ బతకాల్సిందే. కానీ మేము వెళ్ళింది పండగ ముందు. షాపులన్నీ కడుగుళ్ళు, రంగులు, తోరణాలు. పని ముట్టుకునేవాడు లేడు. ఒకాయన మా మిషనుని కాలితో అటూ ఇటూ కదిపి చూసి, "పండగెళ్ళాక చూద్దాంలేమ్మా. అయినా దీన్ని పాత ఇనుముకి వేసుకోవడం మంచిది" అన్నాడు.

"ముందు ఆ కాలు తియ్యి" అన్నాను. "ఆ కాలితోనేనా నువ్వు పండక్కి ఆయుధ పూజ చేసేది?"

పక్క షాపులవాళ్ళంతా తిరిగి చూశారు. ఇంకా నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి గానీ, తెరేసమ్మ నా రెక్క పట్టుకుని ఆటో ఎక్కించేసింది. దారిలో, "ఆ ఒక్క షాపేగా వదినా వద్దన్నది. ఇప్పుడు ఆ వరసలో ఏ షాపుకీ వెళ్ళలేం" అంది మెల్లిగా. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు పౌరుషం వస్తుంది.

"ఎందుకు వెళ్ళడం? నా కుట్టుమిషను నేను విప్పుకుని బిగించుకోవట్లా? అదీ మిషనే, ఇదీ మిషనే. మా వరండాలో దింపించు" అన్నాను.

ఫోనులో వెతికితే ఒక మలయాళీ ఆయన ఇలాంటి మిషన్నే విప్పుతున్న వీడియో దొరికింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు. చేతులు కనపడితే చాలు కదా. ఆయన విప్పింది విప్పాం, తుడిచింది తుడిచాం. సంగతి తెలిసి బాలశౌరి తన ప్లాస్టిక్ కుర్చీ ఎడమచేత్తో మోసుకుంటూ వచ్చి మా వరండాలో వేసుకున్నాడు. సాయం చెయ్యడానికి వచ్చాడేమో అనుకున్నాం. అదేం లేదు. "ఊఁ" అంటాడు, "అబ్బో" అంటాడు, లేకపోతే ఊరుకుంటాడు. ఒక్కో నట్టు తిరుగుతుంటే మాత్రం, తన పన్ను పీకుతున్నట్టు మొహం పెట్టేవాడు.

ట్యాంకులో పెట్రోలు వానాకాలమంతా నిలవుండి వార్నిషు కంపు కొట్టింది. పారబోశాం. పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటరు కింద చిన్న గిన్నె ఉంటుంది. అది విప్పితే అడుగున గోధుమరంగు జిగురు. సన్నటి కన్నాలన్నీ పూడుకుపోయాయి. తెరేసమ్మ సూది తీసుకుంటే నేనే వద్దన్నాను. సూది పెడితే కన్నం పెద్దదవుతుంది, జాకెట్టుకైనా అంతే, ఇత్తడికైనా అంతే. పాత ఛార్జరు వైరు కోసి, అందులోంచి ఒక రాగిపోగు లాగి ఇచ్చాను. దాంతో ఒక్కో కన్నమూ పొడిచి, నోటితో ఊది, దీపం వత్తి సరిచేసినంత నెమ్మదిగా శుభ్రం చేసింది. ప్లగ్గు నల్లగా మాడి ఉంటే గరుకు కాయితంతో రుద్దాం. గాలి వడకట్టే స్పాంజిని అంట్ల సబ్బుతో ఉతికి, దండెం మీద జాకెట్ల పక్కన ఆరేశాం. ఒక కస్టమరు వచ్చి, "ఇదే మోడలండీ?" అని ఆ స్పాంజి వంకే చూసింది. తారులా ఉన్న పాత ఆయిలు దింపి కొత్తది పోశాం. తెగిన తాడు తీసేసి నైలాను తాడు వేశాం.

బ్లేడు మాత్రం నేను వదల్లేదు. పదును నా శాఖ. ముందు ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాం, పొరపాటున తిరిగిందంటే వేళ్ళుండవు. మిషనుని పక్కకి పడుకోబెట్టి, అడుగున అట్టకట్టిన పాత గడ్డంతా అట్లకాడతో గీకాం. ఆ అట్లకాడ మళ్ళీ వంటింట్లోకి రాలేదు. నా కత్తెరలకి సానపట్టే ఆయన సైకిలు మీద వస్తే, బ్లేడు రెండంచులూ పట్టించాను. తర్వాత దాని నడిమి కన్నాన్ని గోడ మేకుకి తగిలించి చూస్తే, ఒక రెక్క కిందికి వాలింది. "ఆ వైపు బరువుంది. ఇంకాస్త అరగదియ్యి" అన్నాను సాన ఆయనతో.

కుర్చీలోంచి బాలశౌరి ముందుకి వంగాడు. "అట్టా చూడాలని నీకెవరు చెప్పారు చెల్లెమ్మా?"

"ఎవరూ చెప్పలా. రెండు పక్కలా బరువు సరిగ్గా లేకపోతే ఏ మిషనైనా వణుకుద్ది. ఆ మాత్రం తెలియదా?" అన్నాను. అతను మళ్ళీ వెనక్కి వాలాడు.

అన్నీ బిగించాక, తెరేసమ్మ కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని తాడు లాగింది. దగ్గింది. మళ్ళీ లాగింది. మళ్ళీ దగ్గింది. ఆమె చెయ్యి పడిపోతే నేను లాగాను, నా చెయ్యి పడిపోతే ఆమె లాగింది. ఇక ఇది లేవదు అనుకుంటుండగా ఢామ్మని ఒక్క శబ్దం, ఆ వెనకే బుర్రుమని మోత! దాంతోపాటు తెల్లటి పొగ. మామూలు పొగా అది! మిషనుని పడుకోబెట్టినప్పుడు తప్పు పక్కకి పడుకోబెట్టామట, ఆయిలు పైకెక్కిందట. మా వరండా మాయమైంది, మెట్లు మాయమయ్యాయి, తెరేసమ్మ మాయమైంది. వీధిలో పిల్లలు దోమల మందు బండి వచ్చిందనుకుని కేకలేసుకుంటూ పొగలోకి పరిగెత్తుకొచ్చారు. ఎదురింటి సంజీవరావుగారు కిటికీలన్నీ ధడాధడా మూసి, మళ్ళీ ఒకటి కాస్త తెరిచి, "ఏమ్మా, కార్పొరేషన్ వాళ్ళు ఇవాళ మీ ఇంట్లోంచే కొడుతున్నారా?" అని అడిగారు.

కాసేపటికి పొగ పలచబడింది. మిషను మాత్రం ఆగలేదు. చక్కగా, ఒకే శ్రుతిలో, నా కుట్టుమిషను పట్టుగుడ్డ మీద పరిగెత్తినట్టు నడుస్తోంది. తెరేసమ్మ మొహమంతా మసి, ఆ మసిలో పళ్ళు. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. ఇద్దరం ఆ పిల్లల ముందే చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం, సిగ్గూ ఎగ్గూ లేకుండా. బాలశౌరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాసేపు మిషను వంకే చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆ మర్నాడు ఆయుధ పూజ. నాకు అన్నం పెట్టేది కుట్టుమిషను గనక ఆ రోజు దానికి పట్టుచీర కట్టినంత పని చేస్తాను. మిషనుకి, కత్తెరలకి, టేపుకి, ఇస్త్రీపెట్టెకి, మా ఆయన బైకుకి, చివరికి మిక్సీకి కూడా బొట్లు పెట్టాను. వరండాలో ఉన్న గడ్డి మిషనుని బోసిమొహంతో ఎలా వదిలేస్తాను? గోడ దగ్గరికెళ్ళి, "దీనికీ పెట్టనా వదినా? మీకేం అభ్యంతరం లేదుగా?" అని అడిగాను.

"పెట్టు వదినా. ఎన్ని కొండల దీవెనలుంటే అంత మంచిది దానికి" అంది తెరేసమ్మ.

ఇంజను పైన పెట్రోలు ట్యాంకు. ట్యాంకుకి నల్లటి గుండ్రటి మూత. మూత మధ్యలో చిన్న గుంట. చూస్తే అచ్చం బొట్టు కోసమే పెట్టినట్టుంది. పసుపూ గంధమూ కలిపి చిక్కటి ముద్ద చేసి, ఆ గుంట నిండా అద్ది, దాని మీద కుంకుమ దిద్దాను. పిడికి బంతిపూల దండ కట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. బాలశౌరి కుర్చీలోంచి అంతా చూస్తున్నాడు.

"ఎట్టా ఉంది అన్నయ్యా?" అని అడిగాను.

"బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. నేను పొంగిపోయాను.

అంతెత్తు గడ్డిని ఏ మిషనూ నమల్లేదు గనక, పండగ రోజుల్లో కూడా తెరేసమ్మ పొద్దున్నే లేచి కొడవలితో కోసి ఎత్తు తగ్గించి పెట్టుకుంది. పండగ మర్నాడు మిషనుని గ్రౌండులోకి దింపాం. ఒక్క లాగుడుకి లేచింది. తెరేసమ్మ పిడి పట్టుకుని నడుస్తుంటే వెనక గడ్డి తివాచీలా పరుచుకుంది. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. ఒక వరస పూర్తయింది, రెండో వరస సగంలో ఉండగా మిషను గొంతు మారింది. ఎగశ్వాస వచ్చినట్టు రెండుసార్లు గుటకలేసి, టక్కున ఆగిపోయింది.

పెట్రోలు అయిపోయిందేమో అని మూత తీసి చూశాం. నిండుగా ఉంది. మూత పెట్టి లాగితే వెంటనే లేచింది. హమ్మయ్య అనుకున్నాం. కాసేపు నడిచి మళ్ళీ అలాగే ఆగింది. మళ్ళీ మూత తీశాం, చూశాం, పెట్టాం, లాగాం. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. ఆ రోజంతా అదే వరస. తాడు లాగీ లాగీ తెరేసమ్మ అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

"చెప్పాగా" అన్నాడు బాలశౌరి, కుర్చీ గ్రౌండు గట్టు మీదికి మార్చుకుని. "అది నా చెయ్యి ఎరుగుద్ది."

"నోరు మూసుకో అన్నయ్యా" అన్నాను. అతనితో అంత మాట ఎప్పుడూ అనలేదు.

మిషనుని మళ్ళీ వరండాలోకి తెచ్చి మొత్తం మళ్ళీ విప్పాం. మలయాళీ ఆయన్ని మళ్ళీ చూశాం. కొత్త ప్లగ్గు తెచ్చి వేశాం. కార్బురేటరు కన్నాలు మళ్ళీ పొడిచాం. స్పాంజి మళ్ళీ ఉతికాం. అన్నీ బిగించాక చూస్తే, ఇద్దరి చేతులూ తగిలి మూత మీద బొట్టు అంచులు చెదిరాయి. పండగపూట పెట్టిన బొట్టు చెదరడమే ఈ దరిద్రానికి కారణమేమో అనిపించింది నాకు. ఇంకాస్త గంధం అరగదీసి, ఇంకా చిక్కగా కలిపి, ఇంకా పెద్ద బొట్టు పెట్టాను.

సెలవుల చివరి రోజు వచ్చేసింది. మధ్యాహ్నం ఎండలోనే మొదలుపెట్టాం. ఈసారి మిషను మొన్నటికన్నా తొందరగా ఆగిపోతోంది. గ్రౌండులో నాలుగో వంతు కూడా కాలేదు. ఎండ వాలాక సిస్టర్ డయానా వచ్చింది, పక్కన జయంత్. చక్కటి కుర్రాడే, నవ్వుమొహం. వచ్చీ రాగానే గేటు పక్క ఇంటి వంక తిరిగి చూసి, "కిటికీలకి దోమల జాలీ ఒకటి వేయించాలి సిస్టర్, మా వాడికి" అన్నాడు.

తెరేసమ్మ విన్నది. ఇంకోసారి తాడు లాగింది. మిషను లేచింది. సిస్టర్ ముందు నుంచే ఒక వరస కోసింది, తిరిగింది, రెండో వరసలో అందరి కళ్ళముందూ గుటకలేసి ఆగిపోయింది. సిస్టర్ డయానా నిట్టూర్చింది. "చాలమ్మా తెరేసమ్మా. నువ్వు చెయ్యగలిగింది చేశావు" అంది, నిజంగానే జాలిగా. ఆ జాలి చూసి నాకు ఏడుపొచ్చింది.

తెరేసమ్మ మిషను పక్కన గొంతుక్కూర్చుని అలవాటు ప్రకారం మూత తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. చెవి దగ్గరికి పెట్టింది.

"వదినా, ఇట్రా. విను."

మూత కొంచెం వదులు చేస్తే స్‌స్‌స్ మంది. 

"ఏముంది?"

"లోపలికి గాలి పీల్చుకుంటంది వదినా. తీసినప్పుడల్లా పీల్చుకుంటంది. నూనె డబ్బాకి ఒకటే కన్నం పెడితే నూనె దిగుద్దా? రెండోది పెట్టాలిగా. ఇదీ అంతే. మనం మూత తీసినప్పుడు కాస్త గాలి లోపలికి పోతంది, కాసేపు నడుస్తంది. అది అయిపోగానే పెట్రోలు కిందికి దిగట్లా." మూతని తిరగేసి లోపలివైపు చూసింది. "ఇదిగో, ఇక్కడ చిన్న కన్నం ఉంది. ఇది అవతలికి ఉండాలే..." అంటూ మళ్ళీ బోర్లించింది. అవతలివైపు, సరిగ్గా ఆ చోట, నిండు పౌర్ణమిలా నా బొట్టు.

"మూతకి కన్నమేంటి వదినా? ఎవరన్నా పెడతారా? పెట్రోలు కారిపోదూ?" అన్నాను, చివరి ఆశగా.

"గాలికి" అంది ఒక గొంతు.

కుర్చీలోంచి బాలశౌరి. ఆ మాట నోరు జారి వచ్చేసింది, అతని మొహం చూస్తేనే తెలిసింది. తెరేసమ్మ మూత చేతిలో పట్టుకుని లేచి అతని వంక తిరిగింది.

"నీకు తెలుసా?" అంది.

అతను మెడకి వేలాడే కట్టు సర్దుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"చెల్లెమ్మ బొట్టు పెట్టినప్పుడే చూశా" అన్నాడు తలొంచుకుని.

అయ్యబాబోయ్! నా బొట్టు వల్లే ఇంత జరిగిందని తెలిశాక ఎక్కడ దాక్కోవాలా అని చూస్తున్నదాన్ని, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తిట్టడానికి ఇంకో మనిషి దొరికాడు. "ఏం మనిషివయ్యా నువ్వు! బాగుందా అని అడిగితే బాగుందంటావా? మా వదిన అరచేతులు చూశావా, తోలు ఊడిపోయింది! పండగ మూడొంతులు ఈ మిషను పొట్ట చీల్చడంతోనే సరిపోయింది మాకు. కొంప కొల్లేరవుతుంటే కుర్చీలో కూర్చుని సినిమా చూస్తావా? నోట్లో ఏం పెట్టుకున్నావ్, బెల్లమా?" ఇంకా చాలా అన్నాను. సిస్టర్ డయానా అవతల గట్టు మీదుందని గుర్తొచ్చి ఆపాను.

బాలశౌరి కళ్ళెత్తలేదు. "నువ్వే నడిపేస్తే ఇంక నేనెందుకు తెరేసా?" అన్నాడు. "చెయ్యి చూస్తే ఇట్టా అయింది. ఇక చెట్టెక్కనివ్వరు. మిగిలింది ఆ మిషనొక్కటే. అది నాకు తప్ప ఎవరికీ లేవదంటే సిస్టరుగారు నాకోసం ఆగుతారనుకున్నా. నిజంగా ఇల్లు చూడ్డానికి మనిషొస్తాడనుకోలా." అంత లావు మనిషి, చిన్నపిల్లాడిలా ఎడమ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మళ్ళీ తిట్టబుద్ధి కాలేదు.

తెరేసమ్మ అతని దగ్గరికి నడిచింది. "నిన్ను వద్దనుకున్నదెవరయ్యా?" అంది. "నాకు చెప్పొచ్చుగా. నీ పెళ్ళాన్నే కదా." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, గట్టిపడిన గంధాన్ని పొడిచి పొడిచి రాల్చింది. మూతని ఆకాశం వైపు పెట్టి చూసింది. సూదిమొనంత వెలుగు కనపడింది. పెదాల దగ్గర పెట్టుకుని ఫూమని ఊదింది, పెట్రోలు కంపుకి మొహం చిట్లించింది, మూత బిగించింది, తాడు లాగింది.

సిస్టర్ డయానా గట్టు దిగి నా దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా అసలు?" అని అడిగింది.

"దానికి ఊపిరాడలేదు సిస్టర్‌గారూ, ఇప్పుడు ఆడుతోంది" అన్నాను. బొట్టు సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి నాకేమన్నా పిచ్చా?

మిషను ఆగలేదు. ఒక వరస అయింది, రెండో వరస అయింది, నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను, మూడో వరస కూడా అయింది. గొంతు మారలేదు. ఈ ఊపున రాత్రికల్లా గ్రౌండంతా అయిపోయేట్టే ఉంది. కోసిన గడ్డి వాసన గ్రౌండంతా కమ్ముకుంది. జయంత్ గడ్డి తెగిన చోట వంగి, అరచేత్తో నిమిరి చూశాడు. "భలే సాపుగా తెగుతోందండీ. బ్లేడుకి సాన ఎక్కడ పట్టించారు?" అని నన్నే అడిగాడు. అప్పటిదాకా ఆ కుర్రాడి మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు. సైకిలు ఆయన ఏ రోజు ఏ వీధికొస్తాడో, బ్లేడుని మేకుకి ఎలా తగిలించి చూసుకోవాలో పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఇల్లు ఖాళీ లేదు జయంత్, ఏమీ అనుకోకు" అంది సిస్టర్ డయానా.

"అనుకోవడానికేముంది సిస్టర్" అని నవ్వి, అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

బాలశౌరి కుర్చీలోంచి లేచాడు. ఎటు వెళ్తాడో అనుకున్నాను. నేరుగా గ్రౌండులోకి దిగి, మిషనుకి కాస్త దూరంగా, దానికి ముందు నడవడం మొదలుపెట్టాడు. రాయి తగిలితే బ్లేడు పోతుంది. అందుకని మిషను ముందు ఎవరో ఒకరు రాళ్ళేరుతూ నడవాలి. ఇన్నేళ్ళూ అతను తోస్తుంటే ముందు నడిచి రాళ్ళేరింది తెరేసమ్మే. ఇప్పుడతను కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, ఎడమచేత్తో రాళ్ళూ, సీసా మూతలూ, విరిగిన స్కేలు ముక్కలూ ఏరుకుంటూ నడుస్తున్నాడు. రమ్మని తెరేసమ్మ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అతని నడకకి తగ్గట్టు కొంచెం నెమ్మదిగా తోసింది.

వరస చివర మలుపు తిరుగుతుంటే సిస్టర్ డయానా చెయ్యెత్తి ఆపింది. తెరేసమ్మ ఇంజను ఆపింది.

"తెరేసమ్మా, బాలశౌరి చెయ్యి బాగయ్యేదాకా ఈ పని నువ్వే చూసుకో" అంది సిస్టర్.

తెరేసమ్మ చెమట తుడుచుకుంది. "బాగయ్యాక కూడా నేనే తోస్తా సిస్టర్‌గారూ. నాకు ఇష్టంగా ఉంది" అంది.

బాలశౌరి ఆ మాట విన్నాడు. నేను అతని మొహమే చూస్తున్నాను. వంగి ఇంకో రాయి తీసి జేబులో వేసుకుని, తర్వాతి వరసకి ముందు నడిచాడు.